రేచుకుక్క గర్భసంచిలో చీము: ఎలా గుర్తించాలి, ఎప్పుడు కోయాలి

మీరు రాసినదాని సారాంశం ఇది. మీ సంరక్షణలో ఉన్న ఆడ రేచుకుక్కకు (జనం అడవికుక్క అనేది) ఎనిమిదేళ్ళు. ఇంతవరకు ఒక్కసారి కూడా ఈనలేదు. సుమారు ఐదు వారాల క్రితం ఎదకు వచ్చిందని కీపర్ చెబుతున్నాడు. నాలుగు రోజులుగా మాంసం సగం వదిలేస్తోంది, నీళ్ళు ఎక్కువగా తాగుతోంది, వెనుక భాగాన్ని పదేపదే నాకుకుంటోంది. స్రావం మాత్రం ఎవరికీ కనబడలేదు. యాంటీబయాటిక్ మీద పెట్టి కొన్ని రోజులు చూడవచ్చా, మత్తు ఇచ్చి స్కాన్ చేయాలా, ఆపరేషనే తప్పనిసరైతే సంతానోత్పత్తి కార్యక్రమంలో ఉన్న అరుదైన జంతువుకు గర్భసంచి తీసేయడం సమంజసమేనా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ముందు సమాధానం చెప్పి తర్వాత కారణాలు రాస్తాను. కాదని రుజువయ్యేవరకు దీన్ని గర్భసంచి ముఖద్వారం మూసుకుపోయిన పయోమెట్రాగానే, అంటే గర్భసంచికి చీము పట్టిన జబ్బుగానే భావించండి. యాంటీబయాటిక్ ఇస్తూ ఎదురుచూడకండి. రేపు తెల్లవారుజామున ఒకే ఒక్కసారి మత్తు ఇవ్వండి. స్కాన్, రక్తం, అవసరమైతే ఆపరేషన్ కూడా ఆ మత్తులోనే ముగిసేలా సిద్ధం కండి. గర్భసంచి తీయాలా వద్దా అన్న నిర్ణయాన్ని మాత్రం బల్ల దగ్గర తీసుకోకండి, ఈ రాత్రికే తీసుకుని కాగితం మీద పెట్టండి.

నేను విశాఖపట్నంలో స్థిరపడిన పశువైద్యుణ్ణి. జంతుప్రదర్శనశాలల్లోనూ సంరక్షణ కేంద్రాల్లోనూ దాదాపు ముప్పై ఏళ్ళు పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఈ ఊళ్ళో కాదు, మరో చోట, ఒక ముసలి ఆడ సింహం విషయంలో మీరు ఇప్పుడు అడుగుతున్న ప్రశ్నే నాకూ ఎదురైంది. అప్పుడు నేను ఎంచుకున్నది ఎదురుచూడటం. మాంసంలో మాత్రలు పెట్టి ఐదు రోజులు చూశాం. మూడో రోజున కాస్త తిన్నది, అందరం తేలికపడ్డాం. ఆరో రోజు ఉదయం అది లేవలేదు. పోస్ట్‌మార్టంలో పొట్ట తెరవగానే పేగులకంటే ముందు గర్భసంచి కొమ్ములు బయటికి పొంగుకొచ్చాయి. చిలగడదుంపలను దండగా గుచ్చినట్టు ఒక్కో భాగం ఉబ్బి, గోడ ఎంత పలచబడిందంటే లోపలి చీము రంగు బయటికే తెలుస్తోంది. ముఖద్వారం గట్టిగా బిగుసుకుని ఉంది. ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు కాబట్టే మేము దాన్ని కడుపులో మామూలు బాధ అనుకున్నాం. ఆ రోజు నుంచి స్రావం లేదన్న మాట విన్నప్పుడల్లా నాకు ధైర్యం కలగడం మానేసి భయం పట్టుకుంటోంది.

ఈ జబ్బు సూక్ష్మజీవులతో మొదలవదు. అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడే పసుపుపచ్చటి కణజాలం ప్రొజెస్టెరాన్‌ను వదులుతుంది. ఆ హార్మోను గర్భసంచి లోపలి పొరలోని గ్రంథులను పెంచుతుంది, ముఖద్వారాన్ని మూసేస్తుంది, కండరాల కదలికను అణచివేస్తుంది, అక్కడి తెల్లరక్తకణాల పోరాటాన్ని కూడా మందగింపజేస్తుంది. ఇదంతా రాబోయే పిండం కోసం చేసిన ఏర్పాటు. పిండం రాకపోయినా ఏర్పాటు ఆగదు. ఎద సమయంలో ముఖద్వారం తెరిచి ఉన్నప్పుడు లోపలికి చేరిన ఇ-కోలై వంటి సూక్ష్మజీవులకు ఆ తర్వాతి రెండు నెలలు వెచ్చటి, కదలిక లేని, తలుపు వేసిన గది దొరికినట్టే. ఒక ఎదలో పెరిగిన గ్రంథులు పూర్తిగా సర్దుకోకముందే తర్వాతి ఎద వస్తుంది. అలా ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి పొర నీటి బుడగలతో నిండి తేనెపట్టులా తయారవుతుంది. అందుకే ఈనని, వయసు పైబడిన ఆడజంతువుల్లో ఇది ఎక్కువ. అడవిలో మందకు పెద్దయిన ఆడ రేచుకుక్క చూడితోనో పాలిస్తూనో ఉంటుంది కాబట్టి దాని గర్భసంచికి ఇన్ని ఖాళీ చక్రాలు తగలవు.

కుక్కజాతిలో దీనికి మరో మెలిక ఉంది. జత కట్టినా కట్టకపోయినా అండం విడుదలవుతుంది, చూడి నిలిచినా నిలవకపోయినా ప్రొజెస్టెరాన్ దాదాపు చూడికాలం పొడవునా ఎక్కువగానే ఉంటుంది. అంటే ప్రతి ఖాళీ ఎద వెనుకా ఒక ఉత్తుత్తి చూడి తప్పదు. పులుల్లో సాధారణంగా జత కట్టినప్పుడే అండం విడుదలవుతుంది కాబట్టి ఒంటరి ఆడపులికి ఈ ముప్పు తక్కువ. సింహాలు, చిరుతలు కొన్నిసార్లు మగజంతువు తాకకుండానే అండాన్ని విడుదల చేస్తాయి కాబట్టి వాటికి ఎక్కువ.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. సర్కసుల్లో సింహాలు, పులుల ప్రదర్శనను కేంద్రప్రభుత్వం 1998లో నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించాక, వాటికోసం దేశంలో ఏర్పాటైన సంరక్షణ కేంద్రాల్లో మన ముడసర్లోవ దగ్గరిది ఒకటి. అలాంటి కేంద్రాల్లో సంతానం కలగకూడదు కాబట్టి మగ సింహాలకు వేసెక్టమీ (వీర్యనాళాలను కత్తిరించే ఆపరేషన్) చేయడం పరిపాటి. వృషణాలు తీసేస్తే జూలు రాలిపోతుంది, అందుకే వేసెక్టమీ వైపు మొగ్గు. కానీ వేసెక్టమీ అయిన మగసింహం జత కట్టడం మానదు. జత కట్టినప్పుడల్లా ఆడసింహానికి అండం విడుదలవుతుంది, పిల్లలు లేని ప్రొజెస్టెరాన్ కాలం మొదలవుతుంది. పిల్లలు పుట్టకుండా చూశాం కానీ గర్భసంచిని కాపాడలేదన్నమాట. మగవాటికి చేసే ఆపరేషన్‌తో సరిపెట్టే పద్ధతిని నేను మొదటినుంచీ సమర్థించలేదు. పిల్లలు వద్దనుకున్న ఆడసింహానికి వయసులో ఉండగానే అండాశయాలు తీసేయడమే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఇక రోగనిర్ధారణ. మన చేతిలో ఉన్న అన్ని పరికరాలకంటే విలువైనది ఎదకు వచ్చిన తేదీ. మీ ప్రశ్నలో 'సుమారు ఐదు వారాలు' అని ఉంది. ఆ 'సుమారు'ను ఈరోజే తొలగించే ప్రయత్నం చేయండి. కీపర్ రోజువారీ పుస్తకంలో రక్తపుచుక్కలు కనిపించిన మొదటి రోజు, మగది వెంటపడిన రోజులు, జత కట్టి ముడిపడి నిలబడిన రోజు ఏదైనా రాసి ఉందేమో వెతకండి. పుస్తకంలో లేకపోతే కూర్చోబెట్టి అడగండి. వారాల లెక్క చెప్పలేని మనిషి కూడా దసరాకు ముందా తర్వాతా అంటే కచ్చితంగా చెబుతాడు. ఎద ముగిసిన నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం మధ్యలో దాహం, తిండి తగ్గడం కలిసి వస్తే, ఆ రెండే నాకు సగం నిర్ధారణ.

దాహాన్ని కూడా మాటల్లో కాక లీటర్లలో తెలుసుకోవాలి. నాతో చాలాకాలం పనిచేసిన ఒక కీపర్, చదువు పెద్దగా లేనివాడు, ఒక మధ్యాహ్నం వచ్చి, "బాబూ, తొట్లో నీళ్ళు పొద్దు నడినెత్తికి రాకుండానే అయిపోతన్నాయి" అన్నాడు. ఆ మాట ఒక దుమ్ములగొండి ప్రాణం నిలబెట్టింది. ఆ తర్వాత మేము ప్రతి తొట్టి లోపల రంగుతో గీతలు గీయించాం, అదే కొలతగల మరో తొట్టిని జంతువుకు అందనిచోట పెట్టాం. రెండో తొట్టిలో తగ్గినది ఎండకు ఆవిరైన నీరు; దాన్ని తీసివేస్తే మిగిలినది జంతువు తాగింది. ఊరకుక్కల లెక్కనే ఆధారంగా తీసుకుంటే కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటడం అసహజం. అంటే 15 కిలోల రేచుకుక్క రోజుకు లీటరున్నర దాటి తాగుతుంటే ఏదో జరుగుతోందన్నమాట. పయోమెట్రాలో దాహం ఎందుకంటే, ఇ-కోలై విషం మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరిచే శక్తిని దెబ్బతీస్తుంది. నీరు వృథాగా పోతుంటే జంతువు తాగుతూనే ఉంటుంది. నేల మీది మూత్రాన్ని సిరంజితో పీల్చి, చిక్కదనాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరు మీద వేసి చూడండి. పలచగా ఉండి, చక్కెర లేకపోతే మధుమేహం పక్కకు పోతుంది. మూత్రపిండాల జబ్బు, వానాకాలమైతే లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రంతో వ్యాపించే జబ్బు), మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్ అప్పటికీ మిగిలే ఉంటాయి. వాటిని రక్తపరీక్షే తేల్చాలి.

జ్వరం లేదని ఊరట పడకండి. విషం ఒంట్లో వ్యాపించిన దశలో ఉష్ణోగ్రత మామూలుకంటే పడిపోవడం కూడా నేను చూశాను.

మలంలో హార్మోన్ల పరీక్ష గురించి కూడా మీరు ప్రస్తావించారు. హైదరాబాదులో సీసీఎంబీ పరిశోధనా సంస్థకు చెందిన, అంతరించిపోతున్న జాతుల కోసం పనిచేసే లాకోన్స్ ప్రయోగశాల ఇలాంటి పనిలో మనకు పెద్ద అండ. కానీ ఈ జబ్బు పడ్డ రోజున అది పనికిరాదు, జబ్బు రాకముందు ఏడాదంతా చేసుకోవలసిన పని అది. పైగా దాని పరిమితి తెలిసి వాడాలి. పులిలో ఉత్తుత్తి చూడి సుమారు ఐదారు వారాల్లో ముగుస్తుంది, నిజమైన చూడి 100 రోజులు దాటుతుంది కాబట్టి రెండో నెల తర్వాత కూడా ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉంటే చూడి అని ధైర్యంగా చెప్పవచ్చు. రేచుకుక్కలో రెండూ దాదాపు ఒకే కాలం నడుస్తాయి. చూడికాలమే సుమారు 60 నుంచి 63 రోజులు. ప్రొజెస్టెరాన్ ఒక్కదాన్ని చూసి చూడినీ, ఉత్తుత్తి చూడినీ, పయోమెట్రానూ వేరు చేయలేం. అండం విడుదలైందా, ఎప్పుడు విడుదలైంది అన్నది మాత్రం తెలుస్తుంది, అదే చాలు.

నమూనాల సేకరణలో నా అనుభవం: మందలో ఎవరి మలం ఎవరిదో తెలియడానికి ఒక్కోదాని మాంసంముద్దలో ఒక్కో రంగు ప్లాస్టిక్ పూసలు పెట్టేవాళ్ళం. వారానికి మూడు నమూనాలు, ఉదయపు తాజా మలం, వెంటనే డీప్ ఫ్రీజర్‌లోకి. పంపేటప్పుడు థర్మోకోల్ పెట్టెలో ఐస్ ప్యాకుల మధ్య సర్ది, మనిషిని సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిస్తే తెల్లవారేసరికి హైదరాబాదులో ఉంటాడు. రేచుకుక్కల ఎదకాలం మన తీరానికి తుఫానుల కాలంతో కలిసి వస్తుందని మరిచిపోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దాటాక ఈ నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రీజర్‌ను నమ్ముకున్న నమూనాలు అలాంటప్పుడు మట్టిపాలవుతాయి. కొంత భాగాన్ని ఆల్కహాల్‌లో కూడా భద్రపరచడం మేలు.

రేపటి పనికి వద్దాం. ఆరోగ్యమైన జంతువుకు మత్తు ఇవ్వడం వేరు, ఒంట్లో విషం పాకుతూ నీరు ఎండిపోయిన జంతువుకు ఇవ్వడం వేరు. పెంపుడు కుక్కకైతే ముందురోజంతా సెలైన్ ఎక్కించి నిలబెట్టి ఆపరేషన్ చేస్తాం. రేచుకుక్కకు మత్తు లేకుండా సెలైన్ పెట్టలేం, రెండురోజుల్లో రెండుసార్లు మత్తు ఇస్తే రెండోసారి లేవకపోవచ్చు. అందుకే ఒకే మత్తు అంటున్నాను. మనకు అలవాటైన జైలజీన్-కెటమీన్ మత్తుమందుల జోడీలో జైలజీన్ గుండెను, రక్తపోటును బాగా కుంగదీస్తుంది, గర్భసంచి కండరాన్ని బిగిస్తుంది కూడా. ఈ జంతువులో దాన్ని వీలైనంత తగ్గించి, నెమ్మదిపరిచే మిడజోలం జోడించి, నేల మీద పడగానే పీల్చే మత్తు ఐసోఫ్లూరేన్‌కు మార్చడం నా సలహా. బ్లోపైపుతో (దూరం నుంచి ఊది మత్తుసూది విసిరే గొట్టంతో) కొట్టేది దాన్ని చిన్న గదిలోకి మళ్ళించాకే, మంద మధ్యలో వద్దు. తెల్లవారుజామున ఐదున్నర, ఆరు గంటలకు మొదలుపెట్టండి. విశాఖ ఉక్కపోతలో తొమ్మిది దాటాక మత్తులో ఉన్న జంతువు ఒంటి వేడిని అదుపు చేయడం కష్టం. ముందు కాలి సిరలో కాథెటర్, వెంటనే సెలైన్, వెంటనే సిరలోకి యాంటీబయాటిక్. ఆ తర్వాతే స్కాన్.

స్కాన్‌లో మూత్రాశయాన్ని కిటికీగా వాడుకోండి. మత్తుకు ముందు మూత్రం పోయకపోతే అది మీ అదృష్టం. మూత్రాశయానికి వెనుకగా, పెద్దపేగుకు ముందుగా గర్భసంచి శరీరం కనిపిస్తుంది, అక్కడి నుంచి రెండు కొమ్ములనూ మూత్రపిండాల దాకా వెంబడించండి. ఆరోగ్యమైన ఖాళీ గర్భసంచి సాధారణంగా కనపడనే కనపడదు. తేలికగా కనపడటమే ఒక సూచన. నల్లటి లేదా బూడిదరంగు ద్రవంతో నిండి, మెలికలు తిరిగిన గొట్టాలు కనిపించి, వాటిలో కదలిక లేకపోతే అది పేగు కాదు. పేగు అయితే కాసేపు చూస్తే కదులుతుంది. ద్రవం లోపల పొగలా తేలియాడే రేణువులుంటే చీము అయ్యే అవకాశం ఎక్కువ. నీరు మాత్రమే నిలిచిన గర్భసంచిలో ద్రవం తేటగా ఉంటుంది. గోడ మందమై అందులో చిన్నచిన్న నల్లటి బుడగలు కనిపిస్తే ఖాళీ చక్రాల చరిత్ర అక్కడ రాసి ఉన్నట్టే. ఐదు వారాల దశలో చూడి అయితే గుండె కొట్టుకోవడం స్కాన్‌లో కనబడి తీరాలి. ఆ ఒక్కటీ ఓపికగా రెండు కొమ్ముల్లోనూ వెతికి, లేదని మీ సహచరుడితో కూడా అనిపించాకే కత్తి పట్టండి. అండాశయాలను కూడా చూడండి. ఒకవైపు పెద్ద తిత్తో గడ్డో ఉంటే కథ మారుతుంది.

రక్తంలో తెల్లకణాలు 30,000 దాటితే సందేహం చాలావరకు తీరినట్టే. కానీ మామూలుగా ఉన్నంతమాత్రాన జబ్బు లేదని కాదు. వెంటాడి పట్టినప్పుడు భయంతో కూడా ఆ లెక్క పెరుగుతుంది, గర్భసంచిలోకే కణాలన్నీ చేరిపోయి రక్తంలో తగ్గిపోవడమూ ఉంటుంది. నేను సంఖ్య కంటే గాజుపలక మీద ఎదగని న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) ఎన్ని ఉన్నాయో చూసేవాణ్ణి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ తప్పక చూడండి. అది ఎక్కువగా ఉంటే మెలోక్సికామ్ లాంటి నొప్పిమందు జోలికి పోకండి, కనీసం సెలైన్‌తో మూత్రం ధారాళంగా వచ్చేవరకు.

మీ మూడో ప్రశ్న అసలైనది. ప్రపంచం మొత్తం మీద అడవుల్లో మిగిలిన ఎదిగిన రేచుకుక్కలు 2,500 కన్నా తక్కువని అంచనా. వీటిని జనం అడవికుక్కలనే పిలుస్తారు కానీ ఊరకుక్కలకూ వీటికీ దగ్గరి చుట్టరికం లేదు. 1977లో మొదలైన మన విశాఖ ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల రేచుకుక్కల సంతానోత్పత్తికి దేశంలో ముఖ్య కేంద్రం కాబట్టి ఈ ఊళ్ళో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. ఆ బరువు వల్లే వైద్యులు గర్భసంచిని నిలబెట్టాలని తాపత్రయపడి జంతువునే పోగొట్టుకుంటారు. నా లెక్క వేరు. ఎనిమిదేళ్ళు వచ్చి ఒక్కసారీ ఈనని ఆడది, తేనెపట్టులా మారిన గర్భసంచితో, ఇకపై ఈనే అవకాశం చాలా తక్కువ. దాన్ని నిలిపి మనం కాపాడేది వంశాన్ని కాదు, మన ఆశను. ఇదే జంతువుకు మూడేళ్ళుండి, ముఖద్వారం తెరుచుకుని, మూత్రపిండాలు బాగుండి ఉంటే నేనే మందులతో ప్రయత్నించమనేవాణ్ణి.

ఆ మందుల సంగతి క్లుప్తంగా. ప్రోస్టాగ్లాండిన్ గర్భసంచిని పిండి చీమును బయటికి తోస్తుంది. ముఖద్వారం మూసి ఉన్నప్పుడు ఇస్తే పలచబడిన గోడ పగిలి చీము కడుపులోకి పోవచ్చు, అందుకని మీ జంతువుకు అసలు వద్దు. తెరిచి ఉన్నా రోజూ సూదిమందు, వాంతులు, వగర్పు, చొంగ కార్చడం తప్పవు. వారంపాటు రోజూ బ్లోపైపుతో కొట్టించుకునే అడవిజంతువు పడే బెదురు తక్కువేమీ కాదు. అగ్లెప్రిస్టోన్ ప్రొజెస్టెరాన్ పనిని అడ్డుకుని ముఖద్వారాన్ని తెరిపిస్తుంది. 1, 2, 7వ రోజుల్లో ఇవ్వడం కుక్కల్లో రివాజు. రెండింటిలో ఏది వాడినా, కోలుకున్నాక తర్వాతి ఎదలోనే మంచి మగదానితో జత కట్టించాలి. ఆ ఎద కూడా ఖాళీగా పోనిస్తే జబ్బును మళ్ళీ పిలిచినట్టే.

కాబట్టి ఈ రాత్రి మీ క్యూరేటరుతోనూ, స్టడ్‌బుక్ (వంశావళి పుస్తకం) చూసేవారితోనూ మాట్లాడి, ఈ ఆడదాని రక్తసంబంధీకులు ఎందరు బతికి ఉన్నారో అడగండి. తోడబుట్టినవి ఈని ఉంటే దీని వంశం ఇప్పటికే నిలిచినట్టు. చీము తేలితే గర్భసంచి తీసేయడానికి లిఖితపూర్వక అనుమతి చేతిలో పెట్టుకుని గదిలోకి వెళ్ళండి. పొట్ట తెరిచి ఉంచి ఫోన్లు చేసే పరిస్థితి మీకు రాకూడదు.

ఆపరేషన్ మీకు చేతనైనదే, ఊరకుక్కకు చేసినట్టే. తేడాలున్నచోట మాత్రమే చెబుతాను. పొట్టను ధారాళంగా తెరవండి. చిన్న గాటులోంచి నిండు గర్భసంచిని లాగబోతే చిట్లుతుంది. చుట్టూ తడిగుడ్డలు పరిచాకే దాన్ని పైకెత్తండి. రెండు అండాశయాలూ పూర్తిగా రావాలి, ముక్క మిగిలితే మిగిలిపోయిన గర్భసంచి మొదట్లో మళ్ళీ చీము పడుతుంది. చర్మానికి బయట కుట్లు వేయకండి, కరిగిపోయే దారంతో చర్మం కిందనే మూసేయండి, బయట కనిపించిన కుట్టును అది ఒక్క రాత్రిలో పీకేస్తుంది. ఏ సూక్ష్మజీవో తేల్చే కల్చర్ పరీక్షకు చీము నుంచి నమూనా తీయండి, చేతికి గ్లవ్స్, కళ్ళకు అద్దాలు మరవకండి. బ్రుసెల్లా అనే సూక్ష్మజీవి ఉంటే అది మనకూ అంటుకుంటుంది.

తీసిన అండాశయాలను పారేయకండి. లాకోన్స్‌లో 2018లో మొదలైన జాతీయ వన్యప్రాణి జన్యు నిధి ఇలాంటి కణజాలాన్ని భద్రపరచడానికే ఉంది. అటవీశాఖ అనుమతులు ముందే తీసుకుని, అండాశయాలను స్టెరైల్ సెలైన్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచి, ఒక్క రోజులోపు చేరేలా పంపండి. గర్భసంచిలో ఒక ముక్కను పదింతల ఫార్మలిన్‌లో వేసి హిస్టోపాథాలజీకి (సూక్ష్మదర్శిని కింద కణజాల పరీక్షకు) పంపండి.

ఆపరేషన్‌కంటే కష్టమైనది ఆ తర్వాతి వారం. రేచుకుక్క మందలో బతికే జంతువు. పదిరోజులు కనపడకుండా పోయి, మందుల వాసనతో తిరిగొచ్చినదాన్ని మంద తనదిగా ఒప్పుకోకపోవచ్చు, దాని హోదా మరొకటి ఆక్రమించి ఉండవచ్చు. కొత్తగా కుట్టిన పొట్టతో కొట్లాటలో పడితే మన పనంతా నేలపాలు. అందుకని మొదటిరోజు నుంచే దాన్ని మందకు ఆనుకుని, జాలీ అడ్డుగా ఉన్న గదిలో ఉంచండి; ఒకదాన్నొకటి చూసుకోవాలి, వాసన పట్టాలి. మంద పడుకున్న గడ్డిని దీనికి, దీని గడ్డిని మందకు మారుస్తుండండి. నేల పొడిగా ఉంచి, గదికి దోమతెర కట్టండి. మన ఉక్కలో గాయం మీద ఈగ వాలితే రెండోరోజుకే పురుగులు పడతాయి. మొదట అది స్నేహంగా ఉండే ఒక్కదాన్ని దాని గదిలోకి వదలండి, ఆ తర్వాత మిగతావి, తిండి పెట్టే వేళ కాకుండా.

మిగిలిన ఆడవాటి మాట కూడా ఇప్పుడే ఆలోచించండి. జతకు మగది లేకపోతే ఎదను ఆపుదామనుకుని హార్మోను ఇంప్లాంట్లు పెట్టేవారున్నారు. మెలెంజెస్ట్రాల్ వంటి ప్రొజెస్టెరాన్ తరహా మందులు మాంసాహారుల్లో గర్భసంచి జబ్బును, రొమ్ము క్యాన్సర్‌ను పెంచుతాయని చాలాకాలంగా తెలిసిన విషయమే. పెద్దపిల్లుల్లో ఆ రొమ్ముగడ్డలు ఎంత వేగంగా పాకుతాయో చూసినవారు మళ్ళీ వాటి జోలికి పోరు. డెస్లోరెలిన్ అనే మరో రకం ఇంప్లాంట్ మెరుగే, కానీ అది మొదట ఎదను రప్పించి ఆ తర్వాత ఆపుతుంది. ఆ మొదటి ఎద వెనుక మళ్ళీ అదే ఉత్తుత్తి చూడి కాచుకుని ఉంటుంది. ఆ దశను మరో మందుతో కొన్ని రోజులు అణచకుండా కుక్కజాతికి దాన్ని పెట్టకండి. నన్నడిగితే అన్నిటికన్నా మంచి నివారణ, ఈనవలసిన ఆడదాన్ని రెండుమూడేళ్ళ వయసులోనే ఈననివ్వడం.

ఇది కుక్కజాతికే పరిమితం కాదు. ఈనని ఆసియా ఏనుగుల గర్భసంచిలో కండరపు గడ్డలు, ఒంటికొమ్ము ఖడ్గమృగాల యోనిలో, ముఖద్వారంలో గడ్డలు రావడం వెనుకా పదేపదే ఖాళీగా నడిచిన చక్రాలే ఉన్నాయి. మలేసియాలో 2014లో అడవి నుంచి తెచ్చిన సుమత్రా ఖడ్గమృగం ఇమాన్ గర్భసంచి అప్పటికే గడ్డలతో నిండి ఉంది. అడవిలో జతకు మగది దొరకనంత తక్కువైతే అడవి కూడా బోనే అవుతుంది. ఎన్నో ప్రయత్నాల తర్వాత, పిల్ల కలగకుండానే, 2019 నవంబరు 23న అది చనిపోయింది. ఏనుగులో మలద్వారం గుండా స్కాన్ చేయడానికి శిక్షణ ఇస్తే ఏటా మత్తు లేకుండానే చూసుకోవచ్చు. రేచుకుక్కకు అంత చేయలేకపోయినా, జాలీకి పక్క ఆనించి నిలబడటం, తూకం మీద ఎక్కడం మాంసంముక్కల ఆశతో నేర్పవచ్చు. బరువు ఎప్పటికప్పుడు తెలిస్తే తిండి తగ్గిన సంగతి ముందే తెలుస్తుంది.

మత్తు మొదలుపెట్టే ముందు నాకు రెండు విషయాలు రాసి పంపండి: కీపర్‌ను కూర్చోబెట్టి అడిగాక తేలిన ఎద తేదీ, ఈ సాయంత్రం నుంచి తెల్లవారేవరకు తొట్టిలో తగ్గిన నీరు. స్కాన్‌లో ద్రవం ఉండీ అది తేటగా కనిపిస్తే, గుండెచప్పుడు వెతికిన ఐదునిమిషాల వీడియో కూడా పంపండి. నేను నాలుగున్నరకే లేస్తాను.